క్రైస్తవులుగా నేపాల్ వెళ్తున్నారా? గుడులు, బొట్టు, ప్రసాదం... ఏది ఎలా హ్యాండిల్ చేయాలో స్టెప్ బై స్టెప్

మా ఆఫీసులో ఒక ఫ్రెండ్ వాళ్ళ ఇంటిల్లిపాదీ పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్ర పెట్టుకుని "మీరిద్దరూ కూడా రండి, హిమాలయాలు చూసినట్టు ఉంటుంది" అన్నారు. నేను సరే అన్నా. ఇంట్లో చెప్తే మా అమ్మ అడిగిన మొదటి మాట టికెట్ ఎంత అని కాదు, "గుడులకి ఎళ్తావంట్రా?" అని. మా ఆవిడ అడిగింది ఇంకొకటి, "వాళ్ళు బొట్టు పెడితే ఏం చేయాలి?" అని. ఈ రెండు ప్రశ్నలకి నెట్ అంతా వెతికితే దొరికినవన్నీ తెల్లవాళ్ళు రాసుకున్నవే, వాళ్ళ కష్టం వేరు మన కష్టం వేరు. వాళ్ళని గేటు దగ్గరే సెక్యూరిటీ అతను చేయి అడ్డం పెట్టి ఆపేస్తాడు, అక్కడితో కథ అయిపోతుంది. మనల్ని ఎవరూ ఆపరు! మన మొహం, మన చీర, మన పేరు ఏది చూసినా హిందువే అనుకుంటారు, మా ఇంట్లో అయితే తాతగారు బాప్తిస్మం తీసుకున్నా పేర్లు మార్చలేదు కాబట్టి నా ఓటర్ కార్డు చూసినా తెలీదు. అంటే ఆ గేటు దగ్గర నిర్ణయం మనదే. ఈ పోస్ట్ మొత్తం దాని గురించే అనుకోండి, మధ్యలో మిగతా విషయాలు కూడా చెప్తా.

స్టెప్ 1: బయలుదేరకముందే ఇంట్లో కూర్చుని గీత గీసుకోండి

ఇది అక్కడికెళ్ళాక చూద్దాంలే అనుకుంటే కుదరదు, ఎందుకంటే పళ్ళెం పట్టుకుని పెద్దావిడ ఎదురుగా నిలబడినప్పుడు ఆలోచించడానికి మనకి రెండు సెకన్లు కూడా ఉండవు. మేమిద్దరం ఒక రాత్రి అన్నం తిన్నాక కాగితం మీద రాసుకున్నాం. చూడటం ఓకే. చెప్పులు విప్పడం ఓకే, అది మర్యాద. నమస్తే చెప్పడం ఓకే. ఇంటివాళ్ళు పెట్టిన భోజనం ఓకే. విగ్రహానికి దండం పెట్టడం, హారతి కళ్ళకద్దుకోవడం, పూజలో పేరు గోత్రం చెప్పించుకోవడం వద్దు. బొట్టు దగ్గర మా ఇద్దరికీ గంట సేపు వాదన అయింది.

మీ గీత మాలాగే ఉండాలని లేదు. మన తెలుగు వాళ్ళలోనే ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) వాళ్ళు బొట్టు పెట్టుకుంటారు, మేరీమాతకి దండలు వేస్తారు, చాలామంది పెంతెకోస్తు వాళ్ళు చెవికి కమ్మలు కూడా పెట్టుకోరు, మధ్యలో సీఎస్‌ఐ, లూథరన్ సంఘాల వాళ్ళు తలో రకం. విగ్రహాలకి పెట్టినవి తినొచ్చా లేదా అనే గొడవ కొరింథు సంఘంలోనే ఉంది, పౌలు మొదటి పత్రికలో 8వ అధ్యాయం, 10వ అధ్యాయం దాని మీదే రాశాడు. వెళ్ళేముందు అవి రెండూ ఒకసారి చదువుకుంటే మంచిది. అపొస్తలుల కార్యములు 17 కూడా చదవండి, ఏథెన్స్‌లో ఆయన ఊరంతా తిరిగి వాళ్ళ దేవతల్ని చూసిన తర్వాతే మాట్లాడాడు, కళ్ళు మూసుకుని నడవలేదు కదా.

ఇంకోటి, ఎవరితో వెళ్తున్నారో వాళ్ళకి ముందే చెప్పేయండి. నేను మా ఫ్రెండ్ వాళ్ళ అమ్మగారికి ఫోన్ చేసి "అమ్మా, మేం గుడి లోపలికి రాం, బయట మీ చెప్పులు, బ్యాగులు చూసుకుంటాం" అన్నా. ఆవిడ నవ్వి "మంచిదేగా నాయనా, చెప్పులకి కాపలా దొరికింది" అన్నారు. అంతే, పది రోజుల్లో ఒక్కసారి కూడా ఇబ్బంది రాలేదు.

స్టెప్ 2: కాగితాలు, డబ్బులు, టైమ్

మనకి వీసా అక్కర్లేదు. పాస్‌పోర్ట్ గానీ ఓటర్ కార్డు గానీ ఉండాలి, ఆధార్ మాత్రమే పట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళి వెనక్కి రాకండి. ఢిల్లీ నుంచి ఖాట్మండుకి ఫ్లైట్లు బోలెడు, రైల్లో అయితే రక్సౌల్ గానీ గోరఖ్‌పూర్ దగ్గర సునౌలీ గానీ బోర్డర్. మన వంద రూపాయలకి వాళ్ళవి 160, ఇది ఫిక్స్‌డ్ రేటు కాబట్టి తక్కువిస్తే అడగండి. మన నోట్లలో వందలైతే ఇబ్బంది ఉండదు. అక్కడ షాపుల్లో ఫోన్‌పే అని బోర్డు చూసి మన ఫోన్‌పే అనుకున్నా నేను, కాదు, అది నేపాల్ వాళ్ళ వేరే కంపెనీ! కాకపోతే 2024 నుంచి వాళ్ళ క్యూఆర్‌కి మన యూపీఐతో కట్టే ఏర్పాటు చేశారు, నాకు కొన్నిచోట్ల పనిచేసింది కొన్నిచోట్ల లేదు.

వాళ్ళ టైమ్ మనకంటే పావుగంట ముందు. వాళ్ళ క్యాలెండర్ విక్రమ సంవత్సరం, మనకంటే 57 ఏళ్ళ దాకా ముందుంటుంది, కాబట్టి బిల్లు మీద తేదీ చూసి కంగారు పడకండి.

స్టెప్ 3: కరపత్రాలు ఇంట్లోనే పెట్టేయండి

ఇది సీరియస్. మా చర్చిలో ఒక అన్న "వెళ్తున్నావుగా, హిందీ కరపత్రాలు ఓ కట్ట తీసుకెళ్ళు" అన్నాడు, ప్రేమతోనే అన్నాడు. నేను తీసుకెళ్ళలేదు. నేపాల్ 2006లో హిందూ రాజ్యం కాదు సెక్యులర్ అని ప్రకటించుకుంది, 2008లో రాజరికం కూడా పోయింది. అయినా 2015 రాజ్యాంగం 26వ అధికరణం ఇంకొకరిని మతం మార్చడం నేరం అంటుంది, 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న క్రిమినల్ కోడ్ 158వ సెక్షన్ ప్రకారం ఐదేళ్ళ దాకా జైలు, 50 వేల వరకు జరిమానా. విదేశీయులైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు, అక్కడ మనం కూడా విదేశీయులమే. మీకు ఏమైనా పర్లేదు అనుకున్నా, మీరు వచ్చేశాక పోలీసులు తలుపు కొట్టేది అక్కడి పాస్టర్ గారి ఇంటిదే. అది గుర్తుపెట్టుకోండి. ఎవరైనా అడిగితే నేను క్రిస్టియన్ అని చెప్పుకోవడంలో ఏ తప్పూ లేదు, దాచుకోవాల్సిన పనీ లేదు.

స్టెప్ 4: నాలుగు మాటలు నేర్చుకోండి

హిందీ చాలామందికి అర్థమవుతుంది, కానీ పెద్దవాడైతే దాయ్, చిన్నవాడైతే భాయ్, అక్కలాంటావిడ దీదీ, చెల్లెలైతే బహినీ అని పిలిస్తే మొహంలో తేడా కనిపిస్తుంది. పొద్దున్నే ఎదురైనవాళ్ళు "ఖానా ఖాను భయో?" అంటారు, మన "అన్నం తిన్నారా" అన్నట్టే, నిజంగా పెట్టడానికి కాదు, పలకరింపు. డబ్బులిచ్చేటప్పుడు కుడిచేత్తో ఇస్తూ ఎడమచెయ్యి కుడి మోచేతికి ఆనిస్తారు, చూసి నేర్చుకోండి. ఇంక జూఠో. మన ఎంగిలి అచ్చంగా అదే. నోరు పెట్టి తాగిన బాటిల్ ఇంకొకళ్ళకి ఇవ్వకండి, మీ ప్లేట్లోంచి తీసి పక్కవాళ్ళకి పెట్టకండి. తెల్లవాళ్ళ గైడుల్లో దీన్ని ఒక పేజీ వివరిస్తారు, మనకి ఒక్క మాట చాలు.

స్టెప్ 5: మొదటిరోజే పశుపతినాథ్ వద్దు, పాటన్‌తో మొదలుపెట్టండి

ఖాట్మండు లోయలో ఏడు చోట్లని కలిపి యునెస్కో 1979లోనే వారసత్వ లిస్టులో పెట్టింది. హనుమాన్ ధోకా, పాటన్, భక్తపూర్ దర్బార్ స్క్వేర్లు, స్వయంభూ, బౌద్ధనాథ్, పశుపతి, చాంగు నారాయణ్. వీటిల్లో దర్బార్ స్క్వేర్లు, అంటే పాత రాజకోటల ముందు చౌరస్తాలు, మనలాంటివాళ్ళకి ఈజీ, ఎందుకంటే గుడులన్నీ చౌరస్తాలోనే ఉంటాయి, అరుగుల మీద ముసలాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, పిల్లలు పావురాలని తరుముతుంటారు, లోపలికెళ్ళకుండానే సగం అర్థమైపోతుంది.

పాటన్‌లో కృష్ణ మందిరం మొత్తం రాయి, 1637లో సిద్ధి నరసింహ మల్ల కట్టించాడు, 21 బంగారు పూత కలశాలు. పైకి హిందువులనే పంపిస్తారు, కానీ రామాయణం, మహాభారతం బొమ్మలు చుట్టూ పట్టీల్లాగా చెక్కారు, కింద నుంచి కొన్ని కనిపిస్తాయి. స్కూల్లో తెలుగు వాచకం చదువుకున్న ఎవరికైనా అది ఏ ఘట్టమో తెలిసిపోతుంది, నేను మా ఆవిడకి ఒక్కొక్కటీ చెప్తుంటే వెనక ఒక ఫారిన్ జంట మమ్మల్ని గైడ్ అనుకుని వెంటపడ్డారు. ఒక హెచ్చరిక, యూత్ గ్రూపుతో వెళ్తే పాత గుడుల చూరు కింద చెక్క దూలాల అడుగు భాగం వైపు పిల్లల్ని ఎక్కువసేపు చూడనివ్వకండి, ఖజురహో టైపు బొమ్మలుంటాయి, తర్వాత ప్రశ్నలకి జవాబు మీరే చెప్పుకోవాలి.

భక్తపూర్‌లో న్యాతపోల ఐదంతస్తుల గుడి, 1702లో భూపతీంద్ర మల్ల కట్టించింది. లోపలికి పూజారులు తప్ప హిందువులు కూడా వెళ్ళరు, కాబట్టి ఇక్కడ అందరం సమానమే. మెట్ల పక్కన కింద ఇద్దరు మల్లయోధులు, వాళ్ళ పైన ఏనుగులు, సింహాలు, ఇలా ఒక్కో మెట్టుకి కిందదానికంటే పది రెట్లు బలం అని లెక్క. 1934 భూకంపాన్ని, 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 భూకంపాన్ని కూడా తట్టుకుంది, చుట్టుపక్కల మాత్రం చాలా పడిపోయాయి. ఎక్కి కూర్చుని మట్టి ముంతలో జుజు ధౌ తినండి, గట్టి తియ్య పెరుగు, దానికి ఏ సిద్ధాంత సమస్యా లేదు.

హనుమాన్ ధోకాలో కాలభైరవుడి పెద్ద రాతి విగ్రహం ఆరుబయటే ఉంటుంది. దాని ముందు అబద్ధం చెప్తే రక్తం కక్కుకుని చస్తారని నమ్మకం, పాతరోజుల్లో నిందితుల్ని అక్కడికి తెచ్చి ప్రమాణం చేయించేవాళ్ళట. పక్కనే కుమారి ఘర్. కుమారి అంటే శాక్య కుటుంబాల నుంచి ఎంచిన చిన్నపాప, బౌద్ధుల ఇంటి అమ్మాయిని హిందువులు దేవతగా కొలుస్తారు. కిటికీలో కనిపించినప్పుడు ఫోటో తీయకూడదు, ఫోన్ జేబులో పెట్టేయండి. నాకైతే ఆ పాప మొహం చూశాక ఆ రోజంతా అదోలా అనిపించింది, ఎందుకని అడిగితే చెప్పలేను. అక్కడి నుంచి అసన్ బజారు వైపు నడిస్తే పంటినొప్పి దేవుడు ఉంటాడు, ఒక చెక్క మొద్దుకి వేల నాణేలు మేకులతో కొట్టేశారు, చుట్టూ పళ్ళ డాక్టర్ల బోర్డులు!

స్వయంభూలో 365 మెట్లు, కోతులు, చేతిలో తినేది ఏదీ పెట్టుకోవద్దు. పైన హారితి అనే అమ్మవారి గుడి దగ్గర మశూచి నుంచి పిల్లల్ని కాపాడమని మొక్కేవాళ్ళు, మన పోలేరమ్మ లాగా అన్నమాట, ఇక్కడా హిందువులూ బౌద్ధులూ ఒకే క్యూలో నిలబడతారు. బౌద్ధనాథ్‌లో అందరూ తిరిగే దిక్కులోనే తిరగండి, స్తూపం మీ కుడివైపు ఉండాలి. ప్రార్థన చక్రాలు తిప్పాలా వద్దా మీ ఇష్టం, తిప్పకుండా నడిచినా ఎవరూ ఏమీ అనరు.

స్టెప్ 6: పశుపతినాథ్

పడమటి గేటు దగ్గర హిందువులకి మాత్రమే ప్రవేశం అని బోర్డు ఉంది. గేట్లోంచి లోపలి పెద్ద బంగారు నంది వెనకభాగం కనిపిస్తుంది. మా వాళ్ళు లోపలికెళ్తున్నారు, గార్డు నన్ను చూసి బెల్టు తోలుదా అని మాత్రం సైగ చేశాడు, తోలు వస్తువులు లోపలికి పోనివ్వరు, అంతే తప్ప మతం అడగలేదు. ఒక్క అడుగు వేస్తే లోపల ఉంటా. నిజం చెప్పొద్దూ, మనసు లాగింది, ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా అని. కానీ అడగకపోయినా అడుగు పెట్టడమే హిందువునని చెప్పడం కదా, వాళ్ళ దేవుడి గుమ్మంలో అబద్ధంతో దూరడం, మన దేవుడి ముందు కూడా అబద్ధమే. బెల్టు సర్దుకుని పక్కకి జరిగా.

మీరు చేయాల్సింది ఇది. గేటు నుంచి దక్షిణంగా తిరిగి చిన్న వంతెన మీదుగా బాగ్మతి తూర్పు ఒడ్డుకి వెళ్ళండి, ఫారిన్ వాళ్ళు చూసేది కూడా అక్కడి నుంచే. మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా రెండంతస్తుల బంగారు కప్పు, కింద శవదహనాలు జరిగే ఆర్య ఘాట్. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళి చీకటి పడేదాకా ఉండండి, హారతి ఈ ఒడ్డునే ఇస్తారు, దూరంగా కూర్చుని చూడొచ్చు.

నేను కూర్చున్నప్పుడు అవతలి ఒడ్డున ఒక ముసలాయన శవాన్ని ఏటవాలు రాయి మీద పడుకోబెట్టి పాదాలు నీళ్ళకి తగిలేటట్టు పెట్టారు. కొడుకు అనుకుంటా, ఇరవై ఏళ్ళుంటాయేమో, తెల్లబట్ట చుట్టుకుని దోసిలితో బాగ్మతి నీళ్ళు తీసి తండ్రి నోట్లో మూడుసార్లు పోశాడు, మూడోసారి చెయ్యి వణికి నీళ్ళు గెడ్డం మీదుగా పక్కకి కారిపోయాయి, ఒక పెద్దాయన వెనకనుంచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మా నాన్న సమాధి పెట్టి మీద మట్టి వేసినప్పుడు నా చెయ్యి పట్టుకున్నది మా బాబాయి. పక్కన ఒకాయన జూమ్ లెన్స్ పెట్టి టకటకా ఫోటోలు తీస్తున్నాడు. మీరు తీయకండి.

తర్వాత మా ఫ్రెండ్ చెప్తే తెలిసింది, లోపల లింగాన్ని ముట్టుకునే హక్కు ఉన్నది కర్ణాటక నుంచి వచ్చే భట్ట పూజారులకి మాత్రమేనట, అంటే నేపాలీ పూజారి కూడా ముట్టుకోడు. గీతలు నాకొక్కడికే కాదన్నమాట. పైన గోపురాల మధ్య బూడిద పూసుకున్న సాధువులు ఫోటోకి పిలుస్తారు, తర్వాత డబ్బులడుగుతారు, బేరం ముందే ఆడుకోండి. శివరాత్రికి మాత్రం వెళ్ళొద్దు, ఆ జనంలో తూర్పు ఒడ్డు కూడా దొరకదు.

స్టెప్ 7: బొట్టు వచ్చేసింది, ఏం చేయాలి?

మేం వెళ్ళింది దశైఁ రోజుల్లో, మన దసరా. వాళ్ళ టీకా మనలాగా కుంకుమ చుక్క కాదు, బియ్యం, పెరుగు, సిందూరం కలిపి నుదురంతా అంటిస్తారు, చెవి మీద పసుపుపచ్చని బార్లీ మొలకలు పెడతారు, వాటిని జమరా అంటారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి పెట్టి దీవిస్తారు, డబ్బులిస్తారు. భక్తపూర్ దగ్గర మేం దిగిన ఇంట్లో అమ్మమ్మ గారు వరసగా అందరికీ పెట్టుకుంటూ మా ఆవిడ ముందుకొచ్చారు. మా ఆవిడ రెండు చేతులూ జోడించి, తల బాగా వంచి, "ఆమా, మ క్రిస్చియన్ హుఁ, ఆశీర్వాద్ మాత్రై" అంది, అమ్మా, నేను క్రిస్టియన్ని, ఆశీర్వాదం మాత్రం చాలు అని, ఫోన్లో రాసుకుని నేర్చుకున్న మాటలు. ఆవిడ ఒక్క నిమిషం ఆగి, పళ్ళెం పక్కన పెట్టి, ఆ ఎర్ర చెయ్యి కొంగుకి తుడుచుకుని మా ఆవిడ తల మీద పెట్టారు. ఏదో గొణిగారు, మాకు అర్థం కాలేదు. డబ్బులు కూడా ఇచ్చారు!

టెక్నిక్ ఏంటంటే, పళ్ళెం దగ్గరికి రాకముందే చెప్పాలి, నవ్వుతూ చెప్పాలి, చెయ్యి అడ్డం పెట్టకూడదు, వెనక్కి తగ్గకూడదు. గుళ్ళ దగ్గర తెలియనివాళ్ళు గబుక్కున పెట్టేసి డబ్బులడిగితే "పర్దైన" అంటే చాలు, అక్కర్లేదని. ఎవరైనా అనుకోకుండా పెట్టేస్తే వాళ్ళ ఎదురుగా తుడుచుకోకండి, అంత అవమానం ఇంకొకటి ఉండదు. ప్రసాదం కూడా అంతే, తినకూడదు అనుకుంటే ముందే నమస్కరించి వద్దనండి, తీసుకుని చెత్తబుట్టలో వేయకండి.

ఇది మనకి పది రోజుల సమస్య. అక్కడి క్రైస్తవులకి ప్రతి దశైఁకీ ఇదే, తాత చేతి టీకా వద్దన్నందుకు ఏళ్ళ తరబడి ఇంటికి పిలవని కుటుంబాలున్నాయని చర్చిలో ఒకావిడ చెప్పింది.

తిండి

దాల్ భాత్ మనకి ఇల్లే, అడిగి అడిగి వడ్డిస్తారు, చాలంటే "పుగ్యో" అనండి. మోమోలో బఫ్ అంటే గేదె మాంసం. ఆవు వాళ్ళ జాతీయ జంతువు, గోవధ నేరం, కాబట్టి బీఫ్ అని అడగొద్దు, జోక్‌గా కూడా వద్దు. మాంసం విషయంలో పట్టింపు ఉంటే ఒక సంగతి తెలుసుకోండి, దశైఁలో ఇంట్లో వండే మేక చాలావరకు దేవికి బలిచ్చిందే. దక్షిణకాళిలో మంగళ, శనివారాలు బలులు, నేను వెళ్ళలేదు. మనకామన గుడికి కేబుల్ కార్ ఉంది, మేకలకి వన్‌వే టికెట్ ఇస్తారు, రిటర్న్ ఉండదు, ఇది నిజం. పట్టింపు ఉన్నవాళ్ళు ఆ వారం శాకాహారం అని చెప్పేసుకోండి, ఎవరూ కారణం అడగరు.

శనివారం చర్చికి

నేపాల్లో వారపు సెలవు శనివారం కాబట్టి చర్చిలు ఎక్కువగా శనివారమే. ఆదివారం తయారై వెళ్తే తాళం కనిపిస్తుంది. 2021 లెక్కల్లో క్రైస్తవులు 2 శాతం లోపే. 18వ శతాబ్దంలో కాపుచిన్ అనే క్యాథలిక్ ఫాదర్లు లోయలో ఉండేవాళ్ళు, రాజు పృథ్వీనారాయణ్ షా 1769లో వాళ్ళని పంపేస్తే యేసుని నమ్ముకున్న స్థానిక నేవార్ కుటుంబాలు కూడా వాళ్ళతో పాటు బీహార్లో బెత్తియా దగ్గరికి వలసపోయాయి. మళ్ళీ 1951 తర్వాతే తలుపులు కొంచెం తెరుచుకున్నాయి, జెసూట్ల బడి, 1954లో యునైటెడ్ మిషన్ వాళ్ళ ఆసుపత్రులు అలా వచ్చాయి.

గుమ్మంలో "జయమసీ" అని పలకరిస్తారు, మన వందనాలు. చెప్పులు బయట, నేల మీద చాపలు, ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు, మాదల్ మీద దరువు. భాష ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మా ఊరి చర్చిలో కూర్చున్నట్టే ఉంది, మా ఆవిడ కొంగు తల మీద వేసుకోగానే పక్కావిడ జరిగి చాపలో చోటిచ్చింది. ఫోటోలు తీస్తే అడిగి తీయండి, మొహాలు పెట్టి పోస్ట్ చేయకండి, పైన చెప్పిన సెక్షన్ గుర్తుందిగా.

ముక్తినాథ్ వెళ్ళేవాళ్ళకి

పోఖరా, జొమ్‌సొమ్ మీదుగా, 3,700 మీటర్ల పైన. వైష్ణవులు కొలిచే 108 విష్ణు క్షేత్రాల్లో (దివ్యదేశాలు) ఒకటి కాబట్టి మన తెలుగు బస్సులు, పులిహోర డబ్బాలు అక్కడ కూడా కనిపిస్తాయి. 108 ధారల కింద మా ఫ్రెండ్ కేకలు పెడుతూ పరిగెత్తాడు, నేను టవల్ పట్టుకుని నిలబడ్డా. పెద్దవాళ్ళుంటే దారిలో ఒక రాత్రి ఎక్కువ ఆగండి, ఊపిరి అందక ఇబ్బంది పడతారు. కాళీగండకిలో సాలగ్రామాలు అమ్ముతారు, గుండ్రటి నల్లరాయి పగలగొడితే లోపల సముద్రపు జీవి అచ్చు, ఇక్కడ ఒకప్పుడు సముద్రం ఉండేదని గుర్తు. అందంగా ఉంటాయి గానీ షోకేస్ బొమ్మలాగా కొనకండి, పూజించేవాళ్ళకి అది రాయి కాదు. మా కింద పోర్షన్ వాళ్ళకి మేం రుద్రాక్ష తెచ్చిచ్చాం, ఆ ఆంటీ ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది.

తిరిగొచ్చాక వాచ్ పావుగంట వెనక్కి తిప్పుకోండి. నేను మర్చిపోయి ఆ ఆదివారం ఆరాధనకి పావుగంట ముందే వెళ్ళి కూర్చుంటే, మా పాస్టర్ గారు నన్ను, గోడ గడియారాన్ని మార్చి మార్చి చూశారు.